మంచులో నేర్చే పాఠాలు
నార్వేలో వ్యాయామ విద్యలో ఆరుబయటి జీవనం, అంటే వేర్వేరు రుతువుల్లో ప్రకృతి నడుమ గడపడం, ఒక భాగం కాబట్టి, మాధ్యమిక తరగతుల పిల్లలు చలిలో ప్రాణం నిలుపుకొనే మెలకువలను కూడా ఉపాధ్యాయుల పర్యవేక్షణలో నేర్చుకునే వీలుంది. తడిసిన నూలు బట్ట ఒంటి వేడిని లాగేస్తుందని, ఉన్ని తడిసినా కొంత వెచ్చదనం నిలుపుతుందని ముందుగా తెలియాలి. శరీరం లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీల సెల్సియస్‌కు దిగువకు పడిపోయే స్థితిని హైపోథర్మియా అంటారు. వణుకుతున్న తోటి విద్యార్థి మాట తడబడినా, అడుగు తూలినా వెంటనే పెద్దలకు చెప్పాలి.

పిల్లలు ఎంతో ఇష్టపడే పని మంచుగూడు కట్టడం. మంచును నిలువెత్తు గుట్టగా పోసి, రేణువులు ఒకదానికొకటి అతుక్కునేదాకా గంటో రెండు గంటలో వదిలేసి, పైనుంచి 30 సెంటీమీటర్ల పుల్లలు గుచ్చి, లోపలినుంచి తవ్వుతూ పుల్ల మొన కనబడగానే ఆపితే గోడ పలచబడదు. దూది బొంతలో లాగే మంచు రేణువుల మధ్య చిక్కిన గాలి వేడిని బయటకు పోనివ్వదు కనుక, బయట మైనస్ 20 డిగ్రీలున్నా లోపల సున్నాకు దగ్గరగా ఉండగలదు. అయితే గాలి ఆడే రంధ్రం, తవ్వేవారికి బయట ఒక కాపలా తప్పనిసరి.

1952లో తొలిరూపం దాల్చి 2016లో సవరణకు గురైన నార్వే పర్వత నియమాలు తొమ్మిదింటిలో, సకాలంలో వెనుదిరగడం సిగ్గుపడాల్సిన పని కాదన్నదే ఈ వయసుకు అన్నిటికన్నా అవసరం. స్నేహితుల ముందు తగ్గకూడదన్న పంతం అప్పుడే బలంగా ఉంటుంది.