కోక్ దృఢత్వంపై రంధ్రనిర్మాణ ప్రభావం: విశాఖ ఉక్కు నేపథ్యంలో ఒక వివరణ

వ్యాససంగ్రహం:

బ్లాస్ట్ ఫర్నేస్‌లో వాడే కోక్ ఘనపరిమాణంలో దాదాపు సగం ఖాళీయే. అయినా అది ఎంతో భారాన్ని మోయాలి. ఈ దృఢత్వాన్ని సచ్ఛిద్రతా శాతం ఒక్కటే నిర్ణయించదు. రంధ్రాల పరిమాణం, ఆకృతి, వాటి మధ్యనున్న గోడల మందం కూడా నిర్ణయిస్తాయి. బొగ్గు కోక్‌గా మారేటప్పుడు రంధ్రాలు ఏర్పడే తీరును, పరీక్షా ఫలితాలలో వాటి ప్రభావం కనిపించే విధానాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: కోక్, సచ్ఛిద్రత, రంధ్రకుడ్యం, దృఢత్వం, విశాఖ ఉక్కు.

1. ఉపోద్ఘాతం:

విశాఖ ఉక్కు కర్మాగారంలోని తొలి రెండు బ్లాస్ట్ ఫర్నేసుల పేర్లు గోదావరి, కృష్ణ. చల్లపల్లి ప్రాంతపు పొలాలను తడిపే నది పేరే అక్కడ ఇనుమును కరిగించే కొలిమికీ ఉంది. డెల్టా కాలువలో పూడిక చేరితే చివరి పొలానికి నీరందదు. కొలిమిలోనూ అంతే. కోక్ నలిగి పొడి అయితే ఆ పొడి ముక్కల సందులను పూడ్చివేస్తుంది, కింది నుంచి ఊదే వేడిగాలి పైకి సమంగా సాగదు. కోక్ ఇంధనంగా మండుతుంది, ముడి ఇనుమును క్షయకరణం చేసే వాయువును ఇస్తుంది. ఈ రెండు పనులలో కొంతభాగాన్ని బొగ్గుపొడి ఊది నెరవేర్చుకోవచ్చు. పై భారాన్ని మోస్తూ వాయువుకు దారి ఇచ్చే మూడవ పనికి మాత్రం కోక్‌కు ప్రత్యామ్నాయం లేదు.

తెలుగునేలపై బొగ్గుకు కొదవ లేదు. అయితే గోదావరి లోయలోని సింగరేణి బొగ్గు కోకింగ్ రకం కాదు. అది విద్యుత్ కేంద్రాలలో చక్కగా మండుతుంది గానీ, వేడిచేస్తే మెత్తబడి ముద్దగా అతుక్కోదు. అందుకే విశాఖ కర్మాగారం ప్రధానంగా ఆస్ట్రేలియా వంటి దేశాల నుంచి దిగుమతి అయ్యే కోకింగ్ బొగ్గుపై ఆధారపడింది. ఖరీదైన ఆ బొగ్గులో ఎంత భాగాన్ని నాసిరకంతో భర్తీ చేయవచ్చు అన్న ప్రశ్నకు సమాధానం చాలావరకు రంధ్రనిర్మాణంలోనే ఉంది.

2. రంధ్రాలు ఏర్పడే విధానం:

విశాఖలోని కోక్ ఓవెన్ గదుల ఎత్తు 7 మీటర్లు. గాలి తగలకుండా వేడిచేసినప్పుడు కోకింగ్ బొగ్గు సుమారు 350-400 డిగ్రీల సెల్సియస్ వద్ద మెత్తబడుతుంది, 500 డిగ్రీల ప్రాంతంలో తిరిగి గట్టిపడుతుంది. ఈ నడిమి దశలో వెలువడే వాయువులు మెత్తని ముద్దలో బుడగలవుతాయి. ముద్ద గట్టిపడగానే ఆ బుడగలు రంధ్రాలుగా నిలిచిపోతాయి.

ద్రవత్వం చాలకపోతే బొగ్గు రేణువులు ఒకదానితో ఒకటి పూర్తిగా కలిసిపోవు. వాటి మధ్య మిగిలే సందులు వంకరటింకరగా, ఒకదానితో ఒకటి కలిసి ఉంటాయి. ద్రవత్వం, ఉబ్బడం మితిమీరితే బుడగలు పెద్దవై గోడలు పలుచబడతాయి. కాబట్టి మేలైన కోక్ ఈ రెండు అతుల మధ్య పుడుతుంది. గట్టిపడిన తరువాత ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ పదార్థం కుంచించుకుపోతుంది. ఆ సంకోచం అంతటా ఒకే తీరున జరగదు కనుక పొడవైన బీటలు ఏర్పడతాయి. రంధ్రాలు, బీటలు వేర్వేరు స్థాయిల లోపాలు. వీటిని కలగాపులగం చేయరాదు.

3. సచ్ఛిద్రత ఒక్కటే ఎందుకు చాలదు?

కోక్ నిజసాంద్రత ఘన సెంటీమీటరుకు 1.90 గ్రాములు, రంధ్రాలతో కలిపి లెక్కించిన దృశ్యసాంద్రత 0.95 గ్రాములు అనుకుందాం. అప్పుడు సచ్ఛిద్రత 50 శాతం. సచ్ఛిద్రత పెరిగేకొద్దీ దృఢత్వం తగ్గుతుందన్నది స్థూలంగా నిజమే. కానీ 50 శాతం సచ్ఛిద్రత ఉన్న రెండు కోక్‌ల దృఢత్వం ఒకటే కానవసరం లేదు.

దీనికి మొదటి కారణం పరిమాణం. కోక్ పెళుసు పదార్థం. పెళుసు పదార్థాలలో విచ్ఛేదన ప్రతిబలం లోపం పొడవు వర్గమూలానికి విలోమానుపాతంలో ఉంటుందని 1921లో గ్రిఫిత్ చూపించాడు. గోడ పదార్థం ఒకటే అయితే, 0.25 మిల్లీమీటర్ల లోపం 1 మిల్లీమీటరుకు పెరిగినప్పుడు దృఢత్వం సగానికి పడిపోతుంది. కనుక సగటు రంధ్రం కన్నా అతిపెద్ద రంధ్రమే ప్రమాదకరం.

రెండవ కారణం ఆకృతి. లాగుడుకు లోనైన పలకలో గుండ్రని రంధ్రం అంచున ప్రతిబలం మూడు రెట్లవుతుంది. లాగే దిశకు అడ్డంగా ఉన్న దీర్ఘవృత్తాకార రంధ్రం పొడవు వెడల్పుకు అయిదు రెట్లయితే, దాని కొసన ప్రతిబలం పదకొండు రెట్లకు చేరుతుంది. సరిగా అతుక్కోని రేణువుల మధ్య సందులు ఇలాంటివే.

మూడవ కారణం గోడలు. భారాన్ని మోసేది ఖాళీ కాదు, దాని చుట్టూ ఉన్న కర్బనం. మందమైన, ఎడతెగని గోడలున్న కోక్ అదే సచ్ఛిద్రత ఉన్న పలుచని గోడల కోక్ కన్నా బలంగా నిలుస్తుంది.

4. పరీక్షలలో రంధ్రనిర్మాణ ప్రభావం:

మైకం పరీక్షలో కోక్‌ను డ్రమ్ములో 100 సార్లు తిప్పుతారు. 40 మిల్లీమీటర్లకు మించి మిగిలిన ముక్కల శాతం ఎం40, 10 మిల్లీమీటర్ల లోపు పొడి శాతం ఎం10. పెద్ద ముక్కలు ప్రధానంగా బీటల వెంట పగులుతాయి కాబట్టి ఎం40 బీటల స్థితిని సూచిస్తుంది. ఎం10 గోడల అరుగుదలకు, అంటే రంధ్రనిర్మాణానికి దగ్గరి సూచిక. విశాఖలో కోక్‌ను నీటితో కాక నత్రజని వాయువుతో చల్లార్చే పొడి పద్ధతి ఉంది. హఠాత్తుగా చల్లబడే ఒత్తిడి తగ్గడం వల్ల ఈ పద్ధతిలో కొత్త బీటలు తక్కువగా పడతాయి. అయితే కలగూర్పులోని లోపం వల్ల ఏర్పడిన వికృత రంధ్రాలను ఏ చల్లార్పూ సరిదిద్దలేదు.

కొలిమిలో కార్బన్ డయాక్సైడ్ కర్బనంతో కలిసి కార్బన్ మోనాక్సైడ్ అవుతుంది. దీన్ని అనుకరిస్తూ 200 గ్రాముల కోక్‌ను 1100 డిగ్రీల వద్ద రెండు గంటలు ఆ వాయువులో ఉంచి, తరువాత 600 సార్లు తిప్పి, మిగిలిన దృఢత్వాన్ని సి.ఎస్.ఆర్.గా కొలుస్తారు. తెరచి ఉన్న రంధ్రాల గుండా వాయువు లోపలికి చేరి గోడలను తినివేస్తుంది. పక్కపక్క రంధ్రాలు కలిసి పెద్ద లోపాలవుతాయి. ఇక్కడ ఒక మినహాయింపు గమనించాలి. చర్యాశీలత గోడలోని కర్బన నిర్మాణంపైన, బూడిదలోని క్షార, ఇనుప సమ్మేళనాలపైన కూడా ఆధారపడుతుంది. అందువల్ల సి.ఎస్.ఆర్. తగ్గితే తప్పంతా రంధ్రాలదే అనలేము.

రంధ్రాలను కొలిచే పద్ధతికీ పరిమితులున్నాయి. పాదరస పద్ధతికి మూసుకున్న రంధ్రాలు అందవు, పైగా అది రంధ్రపు వెడల్పుకు బదులు దాని ముఖద్వారాన్ని కొలుస్తుంది. సూక్ష్మదర్శిని చిత్రాలు ఆకృతిని చూపుతాయి గానీ ఒక్క తలానికే పరిమితం. ఎక్స్-రే టోమోగ్రఫీ మూడు దిశలలో రంధ్రాల అనుసంధానాన్ని చూపగలదు. అయితే దాని పృథక్కరణ శక్తికి మించిన సూక్ష్మరంధ్రాలు దానికీ కనిపించవు.

5. ముగింపు:

1. సచ్ఛిద్రతా శాతం కోక్‌లో ఖాళీ ఎంతో చెబుతుంది, ఎలాంటిదో చెప్పదు. దృఢత్వానికి రెండవదే కీలకం.
2. ఎం40, ఎం10, సి.ఎస్.ఆర్. ఒకే గుణానికి మూడు పేర్లు కావు. ఒక్కొక్కటి ఒక్కొక్క స్థాయి లోపాన్ని ప్రధానంగా పట్టి చూపుతుంది.
3. దిగుమతి బొగ్గు వాటా తగ్గించే కలగూర్పులను సగటు సచ్ఛిద్రతతో సరిపెట్టక, పెద్ద రంధ్రాల విస్తరణ, ఆకృతి, గోడల మందంతో కలిపి పరిశీలించాలి. సగటును మాత్రమే చూసి ఎంచుకున్న కలగూర్పు ప్రయోగశాలలో నెగ్గినా కొలిమిలో పొడి కావచ్చు.