ఇసుకబాటపై గుడారపు యాత్ర

సముద్రతీరమున నాలుగు దినములు గుడారము వేసికొని యుండవలెనని పలువురకు కోరిక కలుగుచుండును. ఇసుకమీదుగా మోటారులోనే అచ్చటికి పోవుట మరింత వేడుక. అట్టి యాత్రకు వలయు సన్నాహమును గూర్చి, ఆస్ట్రేలియాలోని గరి ద్వీపమును ఉదాహరణముగా గైకొని ముచ్చటించెదను.

క్వీన్సులాండు తీరమునకు చేరువనున్న యీ ద్వీపము సుమారు 120 కిలోమీటర్ల పొడవైనది. లోకమున ఇంతకంటె పెద్ద యిసుకదీవి లేదు. దీనిని చిరకాలము ఫ్రేజరు ద్వీపమనిరి; అచ్చటి ఆదివాసులైన బుచుల్లావారి పేరే 2023లో అధికారికముగా మరల స్థిరపడినది. ఇచట నాలుగు చక్రములకును ఇంజనుబలము చేరు బండ్లే పనికివచ్చును. తూర్పున డెబ్బదియైదు మైళ్ల తీరము అని పేరుగల యిసుకతిన్నె చట్టరీత్యా రహదారియే. దానిపై వేగము గంటకు 80 కిలోమీటర్లు మించరాదు. చిన్న విమానములును ఆ యిసుకపైననే దిగుచుండును.

అయితే ఈ రహదారిని సముద్రము దినమునకు రెండు మారులు మూసివేయును. కావున నేను యాత్రాపత్రమున మొట్టమొదట వ్రాసికొనునది పోటుగంట. పోటు నిండుటకు ముందు రెండు గంటలు, పిదప రెండు గంటలు తీరమున బండి నడుపరాదు. ఒక పోటునకును మరియొక పోటునకును సుమారు 12 గంటల 25 నిమిషముల యెడముండును. మొదటిదినము ఉదయము 9 గంటలకు పోటు నిండునేని, 11 గంటల తరువాతనే బయలుదేరవలెను. మరునాడు పోటు ఇంచుమించు 50 నిమిషములు ఆలస్యమగును. నాలుగవదినమున పదకొండున్నరకు వచ్చును. అనగా తిరుగుప్రయాణము తొమ్మిదిన్నరలోపల ముగియవలెను, లేదా ఒంటిగంటన్నర దాక ఆగవలెను. అమావాస్యా పూర్ణిమలకు పోటు హెచ్చునని మన పల్లెకారు లెఱిగినదే, అచ్చటను అంతే. ఈ లెక్క తప్పినవారి బండి మెత్తని యిసుకకును అలలకును నడుమ చిక్కుకొనును.

రెండవది టైరులోని గాలి. తారుబాటపై చదరపుటంగుళమునకు 35 పౌనులుండిన గాలిని ఇసుకపై 20 పౌనులకో, 18కో దించవలెను. అపుడు టైరు నేలను తాకుచోటు నిడుపగును. బరువు విస్తరించి చక్రము కూరుకొనదు. ఎడారిలో ఒంటెపాదము చేయుపని యిదియే. కాని గాలి తగ్గినపుడు వేగముగా మలుపు త్రిప్పినచో టైరు చట్రమునుండి ఊడిపోవచ్చును. బిగ్గరగా బ్రేకువేసిన ముందుచక్రములయెదుట ఇసుక గట్టుకట్టును. కావున బండిని తనంతట ఆగనీయవలెను. చక్రములు దిగబడినచో ఇంజనును రేపుట వలన గోయి లోతగునే కాని బండి కదలదు. పారతో చక్రములముందరి ఇసుకను తీసివేసి, గాలి మరికొంత తగ్గించి, వచ్చినజాడలోనే మెల్లగా వెనుకకు నడుపవలెను. పార, గాలికొలత పరికరము, గాలిపంపు, చక్రములక్రింద పరచు గరుకుపలకలు, లాగుటకు గట్టిపట్టీ లేక నేను బయలుదేరను. తీరమున వాగులు కోసిన గండ్లు దూరమునకు కానరావు; అట్టిచోట దిగి కాలినడకన చూచుట మేలు.

ఇక విడిది. బండికిని గుడారమునకును వేర్వేరు అనుమతిపత్రములను ముందుగనే పొందవలెను. ఏర్పరచిన తావులందే గుడారము వేయవలెను. తిన్నెలపైని తీగెలును గడ్డియుమే ఇసుకను పట్టియుంచునవి, వానిని త్రొక్కరాదు. డింగోలనెడి అడవికుక్కలు తిరుగుచుండును గనుక ఆహారమును గుడారమున నుంచక బండిలో తాళము వేసియుంచవలెను. పిల్లలను చేతికందునంత దూరముననే యుంచుకొనవలెను. ఆ కుక్కలకు తిండి పెట్టుట నేరము. చట్టవిరుద్ధముగా వేసిన ఒక విడిదిమంట వలన 2020లో ద్వీపమున ఇంచుమించు సగము దగ్ధమైనది. ఒక్కరి యజాగ్రత్త ఎందరి సొత్తును హరించునో దీనివలన తెలియును.

తిరిగి తారుబాట చేరగానే టైర్లలో గాలి నింపి, బండి అడుగుభాగమును మంచినీటితో కడుగవలెను. లేనిచో ఉప్పు ఇనుమును తినివేయును. యాత్రకు ముందు ఒక సాయంకాలము పోటుపట్టికయెదుట కూర్చుండి లెక్క వ్రాసికొన్నవారికి ఆ నాలుగు దినములును సుఖముగా గడచును.