కారు కిందికి దించాలనుకుంటున్నారా? ముందు ఈ లెక్క చూసుకోండి

ఇంట్లో ఉన్నది ఒక్కటే సెడాన్. కారు కాస్త కిందికి దిగి, టైరుకూ బాడీకీ మధ్య సందు తగ్గితే బాగుంటుందని కొడుకు ఆశ. అదే కారులో దాదీని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి, ఈద్‌కు డిక్కీ నిండా సామానుతో ఊరెళ్లాలి. లోయరింగ్ స్ప్రింగులు కొనేముందు ఇంటిల్లిపాదీ కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయమిది.

స్ప్రింగ్ పని వేరు, షాకప్ పని వేరు

కారు బరువును మోసేది స్ప్రింగ్. గుంత వచ్చినప్పుడు అది నొక్కుకుని మళ్లీ సాగుతుంది. ఆ ఊగుడును ఆపేది షాక్ అబ్జార్బర్, అంటే మెకానిక్‌లు షాకప్ అనేది. లోయరింగ్ స్ప్రింగ్ పొట్టిగా, గట్టిగా ఉంటుంది. పాత షాకప్‌ల మీద అదొక్కటే బిగిస్తే రెండు చిక్కులు. గట్టి స్ప్రింగ్ విసురును కంపెనీ షాకప్ సరిగా ఆపలేదు. పైగా దాని రాడ్ ఎప్పుడూ లోపలికి నొక్కుకునే ఉంటుంది కాబట్టి కదలడానికి చోటు తక్కువ. పెద్ద గుంత వస్తే బంప్ స్టాప్‌కు కొట్టుకుంటుంది. ఆ దెబ్బ నేరుగా వెనక సీట్లో కూర్చున్నవాళ్ల నడుముకు తగులుతుంది.

మన రోడ్ల లెక్క

హోండా సిటీ గ్రౌండ్ క్లియరెన్స్ 165 మిల్లీమీటర్లు. 40 మిల్లీమీటర్లు దించితే మిగిలేది 125. ఐదుగురు ఎక్కి, సామాను పెడితే ఇంకా తగ్గుతుంది.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ ఎత్తు 100 మిల్లీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు. అంత వెడల్పు ఉంటే చక్రాలూ దానితోపాటే మెల్లగా ఎక్కుతాయి. కానీ గల్లీల్లో వేసే బ్రేకర్లు చాలావరకు ఇరుకుగా, నిటారుగా ఉంటాయి. అలాంటిది ముందు, వెనక చక్రాల మధ్యకు వచ్చినప్పుడు దాని పూర్తి ఎత్తు కారు పొట్ట కిందే ఉంటుంది. ఆయిల్ ఛాంబర్‌కో, సైలెన్సర్‌కో తగిలితే ఖర్చు తప్పదు.

చట్టం ఏమంటోంది?

కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కు విరుద్ధంగా వాహనాన్ని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో చెప్పింది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 182ఏ ప్రకారం, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. అందుకే ముందుగా ఆర్టీఏలో, ఇన్సూరెన్స్ కంపెనీలో అడిగి తెలుసుకోవాలి. చెప్పకుండా మార్చేస్తే రేపు క్లెయిమ్ దగ్గర పేచీ రావచ్చు.

అనుమతి ఉండి, మార్చాలనుకుంటే

* కుటుంబ కారుకు 25 మిల్లీమీటర్లకు మించి దించకపోవడం మేలు.
* స్ప్రింగులు, షాకప్‌లు ఆ మోడల్‌కు సరిపడేలా కలిపి చేసిన సెట్‌నే తీసుకోవాలి.
* ప్రోగ్రెసివ్ స్ప్రింగ్ మొదట మెత్తగా ఉండి, బరువు పెరిగేకొద్దీ గట్టిపడుతుంది. ఇంటివాళ్లు తిరిగే కారుకు అది నయం.
* బంప్ స్టాప్‌లు, స్ట్రట్ మౌంట్‌లు అరిగి ఉంటే అప్పుడే మార్పించాలి. మళ్లీ విప్పితే మళ్లీ కూలి.
* పని అయ్యాక వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి. లేదంటే టైర్లు ఒకవైపే అరుగుతాయి. హెడ్‌లైట్ల దిశ కూడా సరిచూడాలి.
* ఉన్న స్ప్రింగ్‌నే కోయించడం, వేడి చేసి కుదించడం అసలు వద్దు. స్ప్రింగ్ బలం పోతుంది, గుంతలో కూర్చున్న చోటు నుంచి జారిపోవచ్చు.

దించకుండానే పని కావచ్చు

మలుపుల్లో కారు ఊగుతోందనే దించాలనుకుంటే, ముందు షాకప్‌లు చూపించాలి. కారు మూలను గట్టిగా కిందికి నొక్కి వదలండి. ఒకసారి లేచి నిలబడితే సరే. రెండు మూడుసార్లు ఊగినా, షాకప్ మీద ఆయిల్ కారిన మరక కనిపించినా అది అరిగినట్టే. కంపెనీ ఎత్తులోనే కొత్త షాకప్‌లు, ఎడమా కుడీ జతగా వేయిస్తే కారు మళ్లీ కుదురుగా నడుస్తుంది. కొడుక్కి నడపడం బాగుంటుంది, దాదీకి నడుము నొప్పి ఉండదు.