ఎబొనీ అంటే తుమికి చేవ!

ఇంగ్లీషు కవులు నల్లని వస్తువును ఊరికే నల్లన అని వదలరు, ఎబొనీ అంటారు. కురులు ఎబొనీ, రాత్రి ఎబొనీ, కడకు సిరా కూడా ఎబొనీయే. మన కారుమేఘం, కారడవిలోని ‘కారు’ వంటిదన్నమాట.

కాని ఇది మొదట రంగు పేరు కాదు, కర్ర పేరు. వేలయేళ్ల కిందట ఈజిప్టువాళ్లు దక్షిణాన ఉన్న నూబియా నుంచి తెప్పించుకునే నల్లకర్రను ‘హెబెని’ అనేవారు. గ్రీకులు దాన్ని ‘ఎబెనోస్’ చేసుకున్నారు. లాటిన్ మీదుగా అది ఇంగ్లీషుకు చేరింది.

మరి మనకూ దానికీ చుట్టరికం ఏమిటంటారా? గిద్దలూరు దాటాక దిగువమెట్ట మీదుగా నంద్యాల వెళ్లే రైల్లో కిటికీ పక్కన కూర్చోండి. నల్లమలలో మొసలి చర్మంలా బీటలువారిన నల్లని బెరడుతో కనిపించేదే తుమికి చెట్టు. దాని ఆకులో బీడీలు చుడతారు, పండు పిల్లలు తింటారు. సామర్లకోటలో ఉండిన కంపెనీ డాక్టరు రాక్స్‌బరో 1795లో అచ్చయిన తన గ్రంథంలో దీనికి ‘మెలనాక్సిలాన్’ అని పేరు పెట్టాడు. గ్రీకులో నల్లకర్ర అని అర్థం. ఇంగ్లీషువాళ్లు కోరమాండల్ ఎబొనీ అంటారు. పాపం, మార్కాపురం పలకకు ఈ యోగం పట్టలేదు; ‘స్లేటు రంగు’ అంటే వాళ్లకు బూడిద రంగే!

మా వైపు పెళ్లిచూపుల్లో పిల్ల నలుపని ఎవరూ అనరు. ‘చామనచాయ’ అని సర్దుతారు. అదీ ‘శ్యామ’ నుంచి వచ్చిందే, అయినా వినడానికి మెత్తగా ఉంటుంది గదా! కాలేజీలో చదివే మా మేనకోడలు షేక్‌స్పియరు ‘లవ్స్ లేబర్స్ లాస్ట్’ చదువుతూ, “మామయ్యా, ఇందులో రోజలైన్‌ను ఎబొనీతో పోల్చారు. పొగడ్తా, తిట్టా?” అని అడిగింది. రెండూనూ. రాజు ఎగతాళిగా అంటాడు. ఆమెను ప్రేమించిన బిరోను అదే మాటను అందుకుని, ఎబొనీని దివ్యమైన కర్ర అంటూ మురిసిపోతాడు. “అయితే మనవాళ్లంతా రాజు పక్షమే” అంది పిల్ల. నేను జవాబు చెప్పలేదు.

తుమికి మానంతా నలుపు కాదు సుమండీ. పైకర్ర లేత ఎరుపు. నల్లనిది లోపలి చేవ మాత్రమే. అదీ ముదిరిన మానులోనే. ఇప్పుడు లేత ఆకు కోసం తుమికిని ఏటా కొట్టి పొదలుగా ఉంచుతున్నారు. పొదకు చేవ పట్టదు.