కనబడని కొలిమి

కొనకనమిట్ల మొదలుగాగల మార్కాపురపు సీమ గ్రామములలో కమ్మరి కొలిమి యొకనాడు సేద్యమునకు పట్టుగొమ్మ. కఱ్ఱు కాలి ఎఱుపెక్కి, పిమ్మట పసుపువన్నె దాల్చువఱకు కమ్మరి కనిపెట్టి యుండెడివాడు. ఆ వన్నెయే యతనికి ఉష్ణమాపకము. సమ్మెట ఎప్పుడెత్తవలెనో యతని కన్నులే చెప్పెడివి. కాని మేడకంటె ఎత్తైన కొలిమి నడుమకు తొంగిచూచుట ఎవరికి సాధ్యము?

అట్టి కొలుములు విశాఖపట్టణమున గలవు. 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అను నినాదముతో 1966లో ఆంధ్రదేశమంతట ఆందోళనము సాగినది. 1971లో ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన జరిగినది. 1990లో 'గోదావరి' యను తొలి ఊదుకొలిమి పని ప్రారంభించినది. పిదప 'కృష్ణ', 'అన్నపూర్ణ' వెలసినవి. నిర్మాణ కాలమున గోదావరి పరిమాణము 3200 ఘనపు మీటర్లు. దీనిలోనికి పైనుండి ఇనుప ఖనిజమును, కోకును, సున్నపురాతిని వేయుదురు. క్రిందినుండి వేడిగాలిని ఊదుదురు. కోకు మండగా పుట్టిన కార్బన్ మోనాక్సైడు ఖనిజములోని ఆక్సిజనును లాగికొని, ఇనుమును విడిపించును. గాలి ప్రవేశించుచోట వేడి 2000 డిగ్రీల సెంటిగ్రేడును మించును.

లోపల జరుగునది కనబడనప్పుడు లెక్కయే కన్ను. ఒక చిన్న లెక్క చూడుడు. 160 కిలోల శుద్ధ హెమటైటులో 112 కిలోల ఇనుమున్నది. దానిని విడిపించుటకు 84 కిలోల కార్బన్ మోనాక్సైడు, అనగా అందులోని 36 కిలోల కర్బనము కావలయును. ఈ చొప్పున 1000 కిలోల ఇనుమునకు సుమారు 321 కిలోల కర్బనము చాలవలెను. కాని నిజమైన కొలిమికి ఇంతకంటె ఎంతో హెచ్చు కావలసి వచ్చును. ఏల? వాయువులో కొంత భాగము పని చేయకయే పైకి పోవును. ఇనుమును, మలినములను కరగించుటకు వేడి కావలయును. ముడి ఇనుములో నూటికి సుమారు 4 వంతుల కర్బనము కరగి యుండును. ఈ కారణముల నొక్కొక్కటిగా లెక్కలో చేర్చుచు పోయినచో అది సత్యమునకు చేరువగును. ఇట్టి లెక్కల కూర్పునకే 'నమూనా' యని పేరు.

కంప్యూటరు ఈ పనిని మిక్కిలి వేగముగా చేయును. అది కొలిమిని వేలకొలది చిన్న గదులుగా భావించి, ప్రతి గదిలోనికి వచ్చు పదార్థమును, పోవు పదార్థమును, వేడిని సరిచూచును. కోకు తగ్గించినచో ఏమగును? గాలి పెంచినచో ఏమగును? నిజమైన కొలిమికి హాని కలుగకుండ ఈ ప్రశ్నలకు సమాధానము లభించును. దీనినే అనుకరణ మందురు.

నమూనా నిజమో కాదో తెలియుటెట్లు? జపాను శాస్త్రజ్ఞులు గత శతాబ్దపు ఉత్తరార్ధమున పనిచేయుచున్న కొన్ని కొలుములను చల్లార్చి, పొరలు పొరలుగా త్రవ్వి చూచిరి. ఖనిజము మెత్తబడి అంటుకొను మండల మొకటి అందు బయల్పడినది. వాయువు దారిని మార్చునది ఈ మండలమే. అప్పటినుండి నమూనాలలో దానికి ముఖ్యస్థానము దక్కినది.

ఈ విద్య ధనమును మాత్రమేగాక ప్రాణములనుగూడ కాపాడును. కొలిమి అడుగున ద్రవలోహము ఇటుకల గోడను మెల్లమెల్లగా తినివేయును. గోడలో నమర్చిన ఉష్ణమాపకముల సంఖ్యలనుబట్టి ఎంత మందము మిగిలినదో కంప్యూటరు గణించును. ఆ హెచ్చరికను ఉపేక్షించి గోడ తెగినచో, కరగిన ఇనుము బయటికురికి నీటిని తాకి ప్రేలును. అప్పుడు చేరువనున్న కార్మికుల గతి యేమి?

అయినను కంప్యూటరు సర్వజ్ఞము కాదు. తప్పు కొలత నిచ్చినచో తప్పు ఫలితమునే చెప్పును. కావున కొలుచువాని నిజాయితియు, అనుభవజ్ఞుని వివేకమును దానికి తోడు కావలయును. విద్యార్థులారా! తరగతిలో మీరు నేర్చు నిష్పత్తులు, సమీకరణములు ఇట్టి మహాకార్యములకు మొదటి మెట్లని గ్రహింపుడు.