కోడి బాగానే ఉంది.. గుడ్లే లేవా? అమ్మేసే ముందు ఈ వరుసలో చెక్ చేయండి

మేత తింటోంది.. పెరడంతా తిరుగుతోంది.. నీరసం లేదు, పారుడు లేదు. కానీ గుడ్డు మాత్రం కనిపించట్లేదు. పెరట్లో నాలుగైదు కోళ్లు పెంచుకునే ఇళ్లలో తరచూ వినిపించే మాట ఇది. చాలామంది ‘ఇక ఇది పెట్టదు’ అని తేల్చేసి కోసేస్తారు. లేదంటే వచ్చిన రేటుకు సంతలో అమ్మేస్తారు. అయితే చాలాసార్లు ఇది రోగం కాదు.. కోడి ఒంట్లో సహజంగా వచ్చే విరామమే. కారణం తెలిస్తే మంచి పెట్టను చేజేతులా పోగొట్టుకోవాల్సిన పని ఉండదు.

అసలు పెట్టడం ఆపిందా?

ముందు తేల్చుకోవాల్సింది ఇదే. బయట తిరిగే కోళ్లు గడ్డివాములో, కట్టెల మోపు వెనక, పొదల్లో చాటుగా గుడ్లు పెడుతుంటాయి. ఎక్కువ కోళ్లు ఉదయం పూటే పెడతాయి. కాబట్టి ఓ నాలుగు రోజులు 11 గంటల దాకా నీళ్లు, మేత పెట్టి గూట్లోనే ఉంచి చూడండి. గూట్లో పెంకు ముక్కలు, తడి మరకలు కనిపిస్తే కోళ్లే గుడ్లు పొడుచుకుని తింటున్నాయేమో అనుమానించాలి. పాము మింగితే ఆ ఆనవాలు కూడా మిగలదు.

ఇంకో చిన్న పరీక్ష ఉంది. రాత్రి గూట్లో ఉన్నప్పుడు కోడిని మెల్లగా పట్టుకోండి. తోక కింద, గుడ్డు వచ్చే ద్వారానికి అటూ ఇటూ రెండు సన్నటి ఎముకలు తగులుతాయి. వాటి మధ్య రెండు మూడు వేళ్లు పడితే కోడి గుడ్లు పెడుతున్నట్టే. ఒక్క వేలే పడితే ఆగిపోయినట్టు. తల మీది జుట్టు ఎర్రగా, నిండుగా ఉందా.. పాలిపోయి ముడుచుకుందా అన్నదీ చూడాలి.

పొదుగుకు వచ్చిందేమో!

నాటు పెట్ట ఓ విడతలో 10 నుంచి 15 గుడ్లు పెట్టి పొదుగుకు కూర్చుంటుంది. పొదగడానికి 21 రోజులు. ఆ తర్వాత పిల్లల్ని వెంటేసుకుని తిరగడానికి మరో రెండు మూడు నెలలు. ఈ టైమంతా గుడ్లు ఉండవు. ఏడాది మొత్తానికి నాటుకోడి గుడ్లు తక్కువగా ఉండటానికి అసలు కారణం ఇదే. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారు చేసిన గ్రామప్రియ లాంటి రకాలకు పొదుగు గుణం తక్కువ. అందుకే అవి ఎక్కువ గుడ్లు పెడతాయి. పక్కింటి గ్రామప్రియతో మన నాటుకోడిని పోల్చడం సరికాదు.

పిల్లలు వద్దనుకుంటే గుడ్లను ఏ రోజుకారోజు తీసేయండి. అప్పటికే కూర్చుంటే, కింద గాలి ఆడేలా ఎత్తుగా పెట్టిన తీగల బోనులో మేత, నీళ్లతో మూడు నాలుగు రోజులు ఉంచితే పొదుగు వదిలేస్తుంది. నీళ్లలో ముంచడం లాంటివి మాత్రం చేయొద్దు.

ఈకలు రాలుస్తోందా?

ఏడాది దాటిన కోళ్లు పాత ఈకలు రాల్చి కొత్తవి తొడుగుతాయి. ఈకంటే దాదాపు అంతా ప్రొటీనే. తిన్నదంతా అటే పోతుంది కాబట్టి రెండు మూడు నెలలు గుడ్లు ఆగిపోవచ్చు. ఇది జబ్బు కాదు. ఆ టైంలో వేరుశనగ చెక్క, చెదపురుగులు, అజొల్లా లాంటివి పెడితే త్వరగా కోలుకుంటుంది.

వెలుతురు, ఎండ సంగతేంటి?

గుడ్లు బాగా పెట్టాలంటే రోజుకు సుమారు 14 గంటల వెలుతురు కావాలి. డిసెంబర్‌లో హైదరాబాద్‌లో పగలు 11 గంటలే. అందుకే చలికాలంలో గుడ్లు తగ్గుతాయి. తెల్లవారుజామున గూట్లో చిన్న బల్బు వేస్తే ఈ లోటు తీరుతుంది. ఇక వేసవిలో ఎండ 35 డిగ్రీలు దాటితే కోడి మేత తగ్గించేస్తుంది. గుడ్డులో మూడింట రెండు వంతులు నీరే. మధ్యాహ్నం గిన్నె ఎండిపోయినా ఆ దెబ్బ గుడ్ల మీద పడుతుంది.

నూకలు ఒక్కటే సరిపోవు

ఒక్క గుడ్డు పెంకుకే దాదాపు 2 గ్రాముల కాల్షియం కావాలి. నూకలు, వడ్లలో అది నామమాత్రమే. ప్రొటీన్ కూడా చాలదు. గుడ్లు పెట్టే కోళ్ల దాణాను రోజూ కొంత కలపండి. నత్తగుల్లల పొడి విడిగా ఓ గిన్నెలో పెడితే కావాల్సినంత అదే తింటుంది. కుక్కలు తరమడం, గూడు మార్చడం, కొత్త కోళ్లను కలపడం వల్ల కూడా కొన్నాళ్లు గుడ్లు ఆగుతాయి. వయసు పైబడే కొద్దీ ఏటా తగ్గడమూ మామూలే.

ఇలా ఉంటే ఆలస్యం వద్దు

మెడ వంకర పోవడం, ఆకుపచ్చగా పారడం, నోరు తెరిచి ఊపిరి పీల్చడం, గుడ్లు పెంకు లేకుండా తోలుగా రావడం, వరుసగా కోళ్లు చనిపోవడం.. వీటిలో ఏది కనిపించినా వెంటనే పశువైద్యుడికి చెప్పాలి. కొక్కెర తెగులు కావొచ్చు. ఆ కోడిని మిగతావాటి నుంచి వేరు చేయండి. పక్కవాళ్లు చెప్పారని మందులు వేయొద్దు.

ఇవేవీ లేకుండా కోడి హుషారుగా తిరుగుతుంటే మాత్రం తొందరపడొద్దు. మేత, నీళ్లు, వెలుతురు సరిచేసి నెల రోజులు చూడండి. ఈకలు రాలుస్తున్నదైతే మరికొన్నాళ్లు ఆగండి. అమ్మాలా, ఉంచుకోవాలా అన్నది ఆ తర్వాత ఆలోచించొచ్చు.