జాతి అడక్కు, తీరు చూడు

దత్తత శిబిరంలో కుక్కపిల్లను చేతిలోకి తీసుకున్నవాళ్లు మొదట అడిగేది ఒకటే: ‘ఏ జాతండీ ఇది?’ వాలంటీరు దగ్గర దానికి సరైన జవాబుండదు. తల్లి వీధిలో తిరిగే దేశి కుక్క. తండ్రి ఎవరో చూసినవాళ్లు లేరు. చెవులు లాబ్రడార్‌లా వాలి ఉంటాయి, తోక మాత్రం ఊరకుక్కలా పైకి చుట్టుకుని ఉంటుంది. ‘క్రాసా?’ అని గునిసి దింపేసేవాళ్లు కొందరు. ఆడది అని తెలిసి వెనక్కి తగ్గేవాళ్లు కొందరు, నల్లగా ఉందని మరికొందరు. మన పెళ్లిచూపులే నయమనిపిస్తుంది.

అయినా అడిగేవాళ్లు పెరిగారు. 1992లో అక్కినేని అమల మొదలుపెట్టిన బ్లూక్రాస్ ఆఫ్ హైదరాబాద్ లాంటి సంస్థలు ఏళ్ల తరబడి చేస్తున్న దత్తత పనిని ఇప్పుడు జీహెచ్‌ఎంసీ కూడా తలకెత్తుకుంది. 2025 ఆగస్టులో బంజారాహిల్స్ జలగం వెంగళరావు పార్కులో దేశి కుక్కపిల్లల దత్తత మేళా పెట్టింది.

జాతి తెలిస్తే స్వభావం తెలిసినట్టేనని మన నమ్మకం. 2022లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన అమెరికన్ పరిశోధన ఆ నమ్మకాన్ని బాగా సడలించింది. 18 వేలకు పైగా కుక్కల గురించి యజమానులను అడిగి, రెండు వేలకు పైగా కుక్కల జన్యువులను చదివి చూస్తే, ఒక కుక్క ప్రవర్తనకూ మరో కుక్క ప్రవర్తనకూ ఉన్న తేడాలో జాతి వాటా 9 శాతం దగ్గరే ఆగింది. కాబట్టి మేళాలో ఆరా తీయాల్సింది తండ్రి గురించి కాదు. చప్పుడైతే ఈ పిల్ల ఏం చేస్తోంది, కొత్త చెయ్యి చాపితే దగ్గరికొస్తోందా, మూలకు పోతోందా అన్నది చూడాలి.

‘వీధికుక్కకు రోగమే రాదు’ అనే మాట కూడా అంతే, సగమే నిజం. 2013లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ క్యాంపస్‌లో 27 వేలకు పైగా కుక్కల రికార్డులు తిరగేశారు. 24 వంశపారంపర్య జబ్బుల్లో 10 జాతి కుక్కల్లో ఎక్కువ, 13 రెండు రకాల్లోనూ సమానమే. మోకాలి లిగమెంటు తెగడం ఒక్కటి మిశ్రమ జాతుల్లోనే ఎక్కువ. ఇక పార్వో వైరస్‌కు టీకా లేని పిల్ల దొరికితే అది వంశం చూడదు. ఓర్పు మాత్రం వీధికుక్కలకు నిజంగానే ఉంది. చలికీ ఆకలికీ రాటుదేలాయనే సోవియట్ శాస్త్రవేత్తలు మాస్కో వీధుల్లోంచి కుక్కల్ని ఏరుకున్నారు. అలా దొరికిన లైకాను 1957 నవంబరు 3న స్పుత్నిక్-2లో అంతరిక్షానికి పంపారు, తిరిగొచ్చే దారి పెట్టకుండా. ఓర్పు ఉన్నవాళ్లకు దక్కే బహుమతి తరచూ అలాగే ఉంటుంది.

పెద్ద కుక్కను తెచ్చుకున్న ఇంట్లో అసలు పరీక్ష మొదటి వారాలే. సోఫా కిందికి దూరి బయటికి రాదు. పెట్టింది ముట్టదు, రాత్రి అందరూ పడుకున్నాక తింటుంది. ఊడవడానికి చీపురెత్తితే ఒణికిపోతుంది, దాని అనుభవంలో ఎత్తిన చెయ్యి కొట్టడానికే. ఈ దశలో మనవాళ్లు ప్రేమతోనే పొరపాట్లు చేస్తారు. రాగానే స్నానం చేయిస్తారు, బంధువులను పిలిచి చూపిస్తారు, పిల్లల చేత ఎత్తిస్తారు. అవేవీ వద్దు. ఒక మూల గోనెపట్టా వేసి, నీళ్లు పెట్టి, దాని మానాన దాన్ని వదిలేయాలి. బెదురు తగ్గడానికి మూడు రోజులు, ఇంటి వేళలు పట్టుబడటానికి మూడు వారాలు, ‘ఇది నా ఇల్లు’ అనుకోవడానికి మూడు నెలలని కుక్కల్ని సాకేవాళ్లు చెప్పే లెక్క. కొన్నిటికి ఏడాది పడుతుంది. బయటికి తిప్పేటప్పుడు మెడపట్టీ ఒక్కటే చాలదు, బెదిరిన కుక్క తల వెనక్కి లాగి జారిపోతుంది. ఛాతీ చుట్టూ వేసే హార్నెస్ మేలు. దీపావళి టపాసులప్పుడైతే గడప దాటించకపోవడమే మంచిది.

డాక్టరు దగ్గర నులిపురుగుల మందు, పార్వో, డిస్టెంపర్ టీకాలు, మూడో నెలలో రేబిస్ టీకా, తర్వాత ఏటా ఒకటి. పేలు, గోమార్లు పట్టి ఉంటే జ్వరానికి రక్తపరీక్ష. వయసు రాగానే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్. ఇంటి కుక్కే కదా అని గాటును తేలిగ్గా తీసుకోకూడదు. సబ్బు, నీళ్లతో పావుగంట కడిగి ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

దత్తతతో వీధికుక్కల సమస్య తీరిపోతుందని ఎవరైనా అంటే నమ్మకండి. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబును కుక్కలు పొట్టన పెట్టుకున్నాయి. ఆ తల్లిదండ్రుల ముందు జంతుప్రేమ గురించి ఉపన్యాసాలు పనికిరావు. సంఖ్య తగ్గేది పట్టుదలగా ఆపరేషన్లూ టీకాలూ చేస్తేనే. 2025 ఆగస్టు 11న ఢిల్లీ పరిసరాల కుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించమన్న సుప్రీంకోర్టు, 22వ తేదీన ఆ ఆదేశాన్ని సవరించింది. రేబిస్ సోకినవీ మీదపడేవీ తప్ప మిగతావాటిని ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టిన చోటే వదలమంది. అదే ఉత్తర్వులో దత్తతకూ దారి ఇచ్చింది, ఒక షరతు మీద: తీసుకెళ్లిన కుక్క మళ్లీ వీధికి రాకూడదు.

ఆ షరతు మన ఇళ్లలో తప్పేది ఎక్కువగా ప్రయాణాల దగ్గర. అమ్మాయి ముచ్చటపడి తెచ్చుకుంటుంది, ఎమ్మెస్‌కు అమెరికా వెళ్తుంది, అమ్మానాన్నలకు ఓపిక ఉండదు. ఇంట్లో పెరిగిన కుక్కను వీధిలో వదిలితే అక్కడి గుంపు రానివ్వదు. వెంట తీసుకెళ్లవచ్చు, కానీ 2024 ఆగస్టు 1 నుంచి అమెరికా నిబంధనలు గట్టివి. రేబిస్ ముప్పు ఎక్కువున్న దేశాల జాబితాలో మనమూ ఉన్నాం. కుక్కకు కనీసం ఆరు నెలలు నిండాలి. మైక్రోచిప్ ఉండాలి. టీకా పత్రానికి ప్రభుత్వ డాక్టరు ధ్రువీకరణ కావాలి. దిగగానే చూపించాల్సిన కేంద్రంలో ముందే బుకింగ్ చేసుకోవాలి. టీకా పనిచేస్తోందని తేల్చే రక్తపరీక్ష లేకపోతే అక్కడ 28 రోజులు క్వారంటైన్. చిప్ వేయించాకే రేబిస్ టీకా వేయించాలి. ముందు వేయించిన టీకా వాళ్ల లెక్కలోకి రాదు.